కరెంటు అందకుండానే పనిచేసిన చిప్!

1985. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్. ఏకార్న్ అనే చిన్న కంప్యూటర్ కంపెనీలో స్టీవ్ ఫర్బర్ అనే ఇంజినీరు, తాము డిజైన్ చేసిన కొత్త ప్రాసెసర్ ఎంత కరెంటు తాగుతోందో చూద్దామని మీటర్ పెట్టారు. రీడింగ్ సున్నా! చిప్పేమో చక్కగా పని చేసుకుపోతోంది. ఏమిటీ వింత అని వెతికితే అసలు సంగతి బయటపడింది. బోర్డులో లోపం వల్ల చిప్‌కి కరెంటే అందడం లేదు. చుట్టూ ఉన్న సర్క్యూట్ల సిగ్నల్ వైర్ల నుంచి వచ్చిన ఆ కాస్త కరెంటుతోనే అది నడిచేస్తోంది.

దాని పేరు ఆర్మ్. ఇది చదువుతున్న మీ ఫోన్‌లో ఉన్నది దాదాపుగా దాని మునిమనవడే. స్నాప్‌డ్రాగన్, డైమెన్సిటీ, ఎక్సినోస్, ఐఫోన్‌లో ఉండే ఏ సిరీస్... పేర్లు వేరైనా ఇంటిపేరు ఒకటే.

ఇంతకీ దాని గొప్పేంటి? ఒక్కసారికి తక్కువ పని చేయడం. అప్పటి చాలా ప్రాసెసర్లలో ఒక్కో ఆదేశంలో బోలెడు పని కుక్కేవారు, ‘పులిహోర చెయ్యి’ అన్నట్టు. ఆ మాట అర్థం చేసుకోవడానికే చిప్‌లో పెద్ద యంత్రాంగం కావాలి. రిస్క్ పద్ధతిలో అలా కాదు. ‘అన్నం ఆరబెట్టు’, ‘తాలింపు వెయ్యి’, ‘కలుపు’... అన్నీ చిన్న చిన్న ఆదేశాలే. తొలి ఆర్మ్‌లో ప్రతి ఆదేశం సైజూ ఒకటే, 32 బిట్లు.

మరి ఆదేశాలు ఎక్కువైతే ఆలస్యం కదా? ఎప్పుడైనా టిఫిన్ సెంటర్‌లో దోసెల పెనం దగ్గర నిలబడి చూడండి. ఒక దోసె ప్లేట్లోకి వెళ్తుంటే ఇంకోటి కాలుతుంటుంది, మూడోదానికి పిండి వేస్తుంటారు. ఒక్కో దోసెకి పట్టే టైం అంతే, కానీ దోసెలు మాత్రం ఆగకుండా వస్తుంటాయి. తొలి ఆర్మ్‌లోనూ సరిగ్గా మూడే దశలు: ఆదేశం తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అమలు చేయడం. అన్నీ ఒకే సైజు కాబట్టి వరస చెడదు.

ఈ పొదుపు ఫోన్ల కోసం ఆలోచించి చేసింది కాదు. కంపెనీలో మనుషులు తక్కువ, డబ్బూ తక్కువ. ఆదేశాలన్నీ సోఫీ విల్సన్ రూపొందించారు, చిప్ నిర్మాణం ఫర్బర్ చూసుకున్నారు. చౌకైన ప్లాస్టిక్ ప్యాకేజీలో పెట్టాలంటే ఖర్చయ్యే పవర్ ఒక వాట్ దాటకూడదు. ముందుగా లెక్కకట్టే సరైన సాధనాలు లేక, ఎందుకొచ్చిన గొడవని ప్రతిచోటా తగ్గించుకుంటూ పోయారు. చివరికి అందులో పదో వంతే ఖర్చయింది! చిప్ మొత్తం మీద ట్రాన్సిస్టర్లు సుమారు 25,000. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 386లో 2,75,000.

1990లో ఏకార్న్, యాపిల్, వీఎల్‌ఎస్‌ఐ కలిసి ఆర్మ్‌ని వేరే కంపెనీ చేశాయి. చిప్పులు తయారుచేయకుండా డిజైన్‌ని లైసెన్స్‌కి ఇవ్వడమే దాని వ్యాపారం అయింది. 1997లో నోకియా 6110లోకి వచ్చాక ఇక వెనక్కి చూడలేదు. 2020లో యాపిల్ తన మ్యాక్ ల్యాప్‌టాప్‌లనూ ఇటువైపు తిప్పింది. అదే ఏడాది ప్రపంచంలోనే వేగమైన సూపర్ కంప్యూటర్‌గా నిలిచిన జపాన్ ‘ఫుగాకు’ కూడా ఆర్మ్ మీదే నడుస్తుంది.

బాగుంది, మనకేంటి అంటారా? కొత్త ఫోన్ కొనేటప్పుడు ఇదే పనికొస్తుంది. ‘ఆక్టాకోర్, 2.3 గిగాహెర్ట్జ్’ అని డబ్బా మీద చూసి పడిపోకండి. మీడియాటెక్ హీలియో పీ35లో ఉన్న ఎనిమిదీ ఏ53 అనే చిన్న కోర్లే, వేగం 2.3 గిగాహెర్ట్జ్ వరకు. జీ85లో రెండు పెద్ద ఏ75 కోర్లు, ఆరు చిన్న ఏ55లు, గరిష్ఠ వేగం 2 గిగాహెర్ట్జ్. అంకె చూస్తే పీ35దే పైచేయి. వాడి చూస్తే జీ85 ముందుంటుంది. ఎందుకంటే పెద్ద కోర్ ఒక్కో టిక్కుకి ఎక్కువ పని లాగుతుంది. మెసేజ్‌లు, పాటలు లాంటివి చిన్న కోర్లు చూసుకుంటాయి, గేమ్ తెరిస్తే పెద్దవి లేస్తాయి. బ్యాటరీ మిగిలేది ఇక్కడే. కాబట్టి షాపుకెళ్లే ముందు చిప్ పేరు సెర్చ్ చేసి ‘పెద్ద కోర్లు ఎన్ని, ఏవి’ అన్నది చూడండి. రెండు నిమిషాల పని, మూడేళ్ల సుఖం.

ఇంకొక్క మాట. ఫోన్‌లో సాధారణంగా ఫ్యాన్ ఉండదు. మే నెల విజయవాడ ఎండలో, ఛార్జింగ్ పెట్టి మరీ గేమ్ ఆడితే ఎంత పొదుపైన చిప్ అయినా వేడెక్కుతుంది. తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గేమ్ ల్యాగ్ అయిందని వెంటనే ఫోన్ మార్చేయాలని ఇంట్లో గొడవ పెట్టకండి. ఛార్జర్ పీకి, కవర్ తీసి, పది నిమిషాలు నీడలో ఉంచి చూడండి.

ఆర్మ్ డిజైన్ వాడాలంటే లైసెన్స్ కొనాలి. లైసెన్స్ ఫీజు అక్కర్లేని ‘రిస్క్-ఫైవ్’ అనే కుర్రాడు కూడా బరిలో ఉన్నాడు. దాని ఆధారంగా ఐఐటీ మద్రాస్ వాళ్లు ‘శక్తి’ అనే ప్రాసెసర్లు చేశారు. ఆ ముచ్చట వచ్చే వారం!