మెదడులో కాపలా కణాలు... మరచిపోవు!

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. బుద్ధి సంగతేమో గానీ, పురిటి రోజుల్లో చేసిన జబ్బును మెదడులోని కొన్ని కణాలు పెద్దయ్యాక కూడా గుర్తుంచుకుంటాయట. ఎలుకల మీద ప్రయోగాల్లో ఇది బయటపడింది.

ఆ కణాలే మైక్రోగ్లియా. 1919లో ఈ పేరు పెట్టింది స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తెగా. మెదడులోకి క్రిములు చొరబడితే పట్టి మింగేయడం వీటి పని. పసిమెదడులో వీటికి తోటమాలి ఉద్యోగం కూడా ఉంది. నాడీకణాల మధ్య మొదట్లో అవసరానికి మించి లంకెలు పడతాయి. అక్కర్లేని వాటిని ఇవి కత్తిరించేస్తాయి. పిండం ఏర్పడిన తొలి వారాల్లోనే మెదడుకు చేరి అక్కడే కాపురం పెడతాయి. మనిషిలో ఒక్కో కణం సగటున నాలుగేళ్లకు పైగా బతుకుతుందనీ, కొన్నయితే 20 ఏళ్లు దాటుతాయనీ స్వీడన్ పరిశోధకులు 2017లో లెక్కగట్టారు.

ఇక ఎలుకల కథ. అమెరికాలో స్టేసీ బిల్బో బృందం నాలుగు రోజుల ఎలుకపిల్లలకు ఈ.కొలై బ్యాక్టీరియా ఎక్కించింది. జబ్బు చేసింది, తగ్గింది. పెరిగాక అవి మిగతా ఎలుకల్లాగే చక్కగా నేర్చుకున్నాయి. అక్కడితో ఆపేసి ఉంటే అంతా సుఖాంతమే! కానీ నేర్చుకునే వేళ వాటికి బ్యాక్టీరియా పైపొర నుంచి తీసిన పదార్థం ఇచ్చి చూశారు. పసితనంలో జబ్బుపడని ఎలుకలు తట్టుకున్నాయి. జబ్బుపడినవి మాత్రం నేర్చుకున్నది నిలుపుకోలేకపోయాయి. 2005లో వెలువడిన ఫలితమిది. అప్పటికే ఉలిక్కిపడి ఉన్న మైక్రోగ్లియా, రెండోసారి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనాన్ని అతిగా వదలడమే కారణమని తర్వాత తేలింది. మినోసైక్లిన్ ఇచ్చి వాటిని నెమ్మదింపజేస్తే మరుపు రాలేదు. అలాగని ఆ మందు మన బుజ్జాయిలకు పనికిరాదు. పళ్ల రంగు మార్చేస్తుంది.

మరి మనుషుల్లో? కిలో కన్నా తక్కువ బరువుతో పుట్టిన ఆరు వేల మందికి పైగా పిల్లల్ని గమనించి అమెరికా వైద్యులు 2004లో ఒక నివేదిక ఇచ్చారు. ఇన్‌ఫెక్షన్ సోకిన పిల్లల్లో ఎదుగుదల లోపాలు ఎక్కువగా కనిపించాయి. అందులో మైక్రోగ్లియా వాటా ఎంతో ఆ అధ్యయనం చూడలేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు కాస్త జలుబు చేసిందని హడలిపోనక్కర్లేదు. నెలలోపు పసికందు పాలు మానేసినా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా, ఆయాసపడుతున్నా మాత్రం దిష్టి తీసి చూద్దామనుకోకండి. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.