ఇంటికొచ్చాకే అసలు కాపలా

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారంటే గండం గట్టెక్కినట్టేనని ఎవరైనా అనుకుంటారు. మూలుగ మార్పిడి చేయించుకున్నవారి విషయంలో అది సగమే నిజం.

రక్తక్యాన్సర్‌ రోగికి దాత మూలకణాలు ఎక్కించే ముందు గట్టి కీమో, రేడియేషన్‌లతో సొంత మూలుగను పూర్తిగా తుడిచిపెట్టడం పాత పద్ధతి. వయసు మళ్లినవారు, గుండో మూత్రపిండాలో బలహీనంగా ఉన్నవారు దాన్ని తట్టుకోలేరు. అలాంటివారి కోసం 1990ల చివర్లో తక్కువ తీవ్రత పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇందులో మందుల మోతాదు తగ్గిస్తారు. మిగిలిన క్యాన్సర్‌ కణాల పని దాత రక్షణ కణాలే పడతాయి.

చిక్కల్లా ఒకటే. ఆ కణాలే రోగి చర్మం, పేగులు, కాలేయం మీదికీ తిరగబడొచ్చు. ఈ పద్ధతిలో ఆ దాడి కాస్త ఆలస్యంగా, ఇంటికి చేరాక మొదలవడమూ ఉంది. అందుకే వార్డులో ఉన్నన్నాళ్లూ నర్సు రోజూ జ్వరం, బరువు, నోటి పుండ్లు, అరచేతుల్లో ఎరుపు, విరేచనాల లెక్క చూస్తుంది. వెళ్లేలోగా ఆ చూపునే ఇంట్లోవాళ్లకు నేర్పిస్తుంది.

పల్నాడులో ఆ పాఠానికి పని ఎక్కువ. ఎండ చర్మం మీద దాడిని రేపుతుంది కనుక గొడుగు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మిరప కళ్లం దుమ్ము, గడ్డివాము, పశువుల కొట్టంలో బూజు రేణువులు ఊపిరితిత్తులకు ముప్పు. నీళ్లు కాచి చల్లార్చినవే తాగాలి, అన్నం వేడిగా తినాలి. పంపరపనస జోలికి పోకూడదు. రోగనిరోధక శక్తిని అణచే మందుల మోతాదును అది రక్తంలో పెంచేస్తుంది. ఆ మందు రక్తంలో ఎంత ఉందో పరీక్షించే రోజున ఉదయపు మాత్ర వేసుకోకుండా వెంట తీసుకెళ్లాలి. నమూనా ఇచ్చాకే వేసుకోవాలి.

మాచర్లలోనో గురజాలలోనో అర్ధరాత్రి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే? మాత్ర మింగి తెల్లారేదాకా చూద్దామనుకోవడమే ప్రాణాంతకం. అప్పటికప్పుడే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్‌ చేయాలి, దగ్గర్లోని పెద్దాసుపత్రికి బయల్దేరాలి. జేబులో ఒక కాగితం ఉండాలి: మార్పిడి తేదీ, వాడే మందులు, ఆసుపత్రి ఫోన్‌ నంబరు, రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్‌ ఇచ్చిన రక్తమే కావాలన్న మాట. డ్యూటీ డాక్టరు రోగిని అంతకుముందు చూసి ఉండరు. ఆయనకు దారి చూపేది ఆ కాగితమే.