అద్భుత నవలలును, నిత్యజీవితమున నూతన ప్రయత్నములును

అద్భుత నవలలను గూర్చి మన పాఠశాలలలో రెండు పక్షములు గలవు. పెద్దలలో పలువురు అవి కాలమును హరించుననియు, లెక్కలకును వ్యాకరణమునకును శత్రువులనియు తలంతురు. పిల్లలలో పలువురు వానిని ఆకలిగొన్నవారివలె చదివి, ఒకటి ముగియగానే వేరొకదానికై చేయి చాతురు. మొదటి పక్షమువారు పుస్తకముల బీరువాకు తాళము వేయుదురు. రెండవ పక్షమువారు దుప్పటి క్రింద దీపము పెట్టుకొని చదువుదురు. ఇట్లు పోరాడుచున్నను ఈ ఉభయులును ఒక్క విషయమున ఏకీభవించుచున్నారు. ఆ కథలకును మన దినచర్యకును ఎట్టి సంబంధమును లేదనుటయే ఆ విషయము. మేము ఈ వ్యాసమున ఖండింప నెంచినది ఆ అభిప్రాయమునే. అద్భుత నవలను ప్రీతితో చదువుట మంచిది. కాని దాని ఫలము పుస్తకము మూసిన పిమ్మట కనబడవలెను. నలుగురు నవ్వుదురేమో యను భయమును కొంచెమైనను అణచి, చదువరిని ఒక చిన్న క్రొత్త పనికి పూనుకొనజేయుటయే ఆ ఫలమని మా అభిప్రాయము.

ఇందుకు నిదర్శనముగా ఆంగ్లభాషలోని ప్రసిద్ధ గ్రంథ మొకదానిని చూతము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన 'ది హాబిట్' 1937 సెప్టెంబరు 21వ తేదీన ప్రకటింపబడెను. అందలి కథానాయకుడు బిల్బో బ్యాగిన్స్ రాజకుమారుడు కాడు, శూరుడును కాడు. పొట్టివాడు, నడివయస్సువాడు, భోజనప్రియుడు. గుట్టలో తొలిచిన చక్కని ఇంట నివసించుచు, ఉదయము ఒకసారి ఫలాహారము చేసి, కొంతసేపటికి మరల రెండవసారియు చేయు సుఖజీవి. అతని వంశమున ఎవ్వరును వింతపని చేసి యెరుగరు. ఊరివారు ఆ వంశమును పెద్దమనుష్యులనుగా నెంచుటకు అదియే ముఖ్యకారణము. ఇట్టివాని యింటికి ఒకనాడు గాండాల్ఫ్ అను మాంత్రికుడును, ఆ వెనుక పదుమువ్వురు మరుగుజ్జులును వచ్చి, దూరపర్వతమున డ్రాగను కావలికాయుచున్న నిధిని తెచ్చుటకు తోడు రమ్మందురు. మరునాటి ఉదయమున అతడు టోపీని, చేతికర్రను, డబ్బును, తుదకు చేతిరుమాలునుగూడ మరచి, ఇల్లు విడిచి పరుగెత్తును.

చదివినవారిలో పెక్కుమంది డ్రాగనును జ్ఞాపకముంచుకొందురు. మా దృష్టికి గడప దాటిన ఆ నిమిషమే కథకు ప్రాణము. అంతకంటెను విచిత్రమైనది కడపటి ఘట్టము. బిల్బో ఇల్లు చేరునప్పటికి, అతడు మరణించెనని నిశ్చయించుకొని ఊరివారు అతని సామాను వేలము వేయుచుందురు. అతని వెండిచెంచాలు కొన్ని మరల దొరకనేలేదు. దానికంటె పెద్ద నష్టము పరువు. ఇరుగుపొరుగువారు అతనిని మరల పూర్వమువలె పెద్దమనిషిగా నెంచరైరి. బిల్బో దానిని లెక్కసేయలేదు. డ్రాగనుతో మాటలాడివచ్చినవానికి ఇరుగుపొరుగు మాట బరువు తగ్గినది. ఇట్టి కథను చదివిన విద్యార్థికి ఆ బరువు రవంతయైనను తగ్గకున్నచో, అతడు డ్రాగనును మాత్రము చూచి, బిల్బోను చూడలేదనుకొనవలెను.

ఈ గ్రంథము పుట్టిన విధమునుకూడ చెప్పుట తగును. టోల్కీన్ వేసవిలో పరీక్షపత్రములు దిద్దుచుండగా, ఒక విద్యార్థి ఏమియు వ్రాయక విడిచిన పుట యొకటి ఎదురుపడెననియు, దానిపై కథలోని తొలివాక్యము వ్రాసితిననియు ఆయనయే తరువాత తెలిపెను. వ్రాతప్రతి చేతికి వచ్చినప్పుడు ప్రకాశకుడు స్టాన్లీ అన్విన్ దానిని పదేండ్ల ప్రాయమున నున్న తన కుమారుడు రేనరుకు చదువనిచ్చి, అభిప్రాయము వ్రాయించుకొని, ఆ పనికి ఒక షిల్లింగు ఇచ్చెను. బాలుడు బాగున్నదనెను. పుస్తకము అచ్చయ్యెను. బాలల పుస్తకమును గూర్చి బాలుని అడుగుట ఎంత సహజమైన పని! అయినను మన పాఠశాల బీరువాలకు పుస్తకములు కొనునప్పుడు ఆ సహజమైన పని చేయు పెద్దలు ఎందరు గలరు?

ఇట్టి కథలు లోకమునుండి పారిపోవుటకు నేర్పుననునది పెద్దల ముఖ్యమైన ఆక్షేపణ. టోల్కీన్ 1939 మార్చిలో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు దీనికి సమాధానము చెప్పెను. చెరసాలలో నున్నవాడు బయటి లోకమును తలంచుకొనుట వేరనియు, సైనికుడు యుద్ధరంగము విడిచి పారిపోవుట వేరనియు, ఈ రెంటిని ఒకటిగా జూచుట తగదనియు ఆయన వాదము. మేము దీనిని అంగీకరింతుము. కాని దీనిపై ఒక్క మాట చేర్పవలసియున్నది. చెరసాల తలుపు తెరచియున్నను లేవక, గోడకు చేరగిలబడి బయటి లోకమునే స్మరించుచు కూర్చున్నవానిని ఏమనవలెను? నవలపై నవల చదివి, ఇంట తనకు పరిచయము లేని కూర ఒక ముద్దయైనను రుచిచూడనివాడు అట్టివాడే గదా!

ఇది పరదేశపు ముచ్చట, మనకేమి యని కొందరనవచ్చును. అది సరికాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 19వ శతాబ్దపు చివర 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రచించిరి. జోనతన్ స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలు దానికి మార్గదర్శకములు. అందు సత్యరాజాచార్యులు ఆడుమళయాళమను దేశమునకు పోవును. అచ్చట పెత్తనము స్త్రీలది, అణకువ పురుషులది. చదువరి మొదట కడుపుబ్బ నవ్వును. నవ్వు ఆగిన పిమ్మట తన ఇంటివైపు చూచును. అచ్చట పురుషులయెడ అన్యాయమని తోచినది ఇచ్చట స్త్రీలయెడ న్యాయమెట్లయ్యెనని తన్ను తానే అడుగుకొనును. మన ఆచారము ఒక్కటే ఆచారము కాదని తెలియుటకు ఊహాలోకమును మించిన అద్దము లేదు.

ఆ గ్రంథకర్త ఊహలతో తృప్తిపడినవారు కారు. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిరి. నలుగురు నవ్వుటతో పోలేదు, సంఘబహిష్కారమే ఎదురైనది. ఇందు కార్యము ముందు జరిగినది, కథ తరువాత వచ్చినది. కావున కథయే కార్యమును పుట్టించెనని మేము చెప్పము. క్రొత్తలోకమును ఊహింపగల మనస్సును, క్రొత్తపనికి చాచు చేయియు ఒక్క మనిషివే కాగలవని మాత్రము చెప్పుచున్నాము.

మన తాతల కాలమునుండి తెలుగిండ్లలో చదువబడుచున్న మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' సైతము ఈ మాటనే బోధించుచున్నవి. మణిసిద్ధుడను యతికి తోడుగా కాశికి నడచు గోపబాలుడు మజిలీ మజిలీకిని ఊరు చూడబోయి, అచ్చట కనబడిన వింతను గూర్చి అడుగును. యతి దానికి కథ చెప్పును. పిల్లవాడు అలసితినని చెట్టునీడనే పరుండిన దినమున కథయే లేదన్నమాట. అద్భుతము గ్రంథమున కెక్కుటకు ముందు ఒకడు లేచిపోయి, చూచి, సిగ్గుపడక 'అదేమి?' యని అడుగవలెను. మన తరగతులలో ఆ ప్రశ్న గొంతువరకు వచ్చి, వెనుక బెంచీవారి నవ్వు తలపునకు వచ్చి, మరల లోనికి పోవుచున్నది.

నేటి కాలమున ఈ విషయము మరింత ఆలోచింపదగియున్నది. మన చేతిలోని సెల్‌ఫోను, నిన్న మనకు నచ్చినదేదో కనిపెట్టి, నేడును దానివంటిదానినే ముందుంచును. తెల్లవారినది మొదలు రాత్రి వరకు పరీక్షల చదువు అదే బెంచీపై అదే మిత్రుని ప్రక్కన కూర్చుండబెట్టును. ఇట్లు ఒక విద్యార్థి తనకు తెలియని వస్తువు ఒక్కటియు ఎదురుపడకుండ నెలలు గడపుట సాధ్యమైనది. అద్భుత నవలల ప్రియులును ఈ వలలో పడుదురు. మాంత్రికుల కథలు తప్ప వేరేమియు ముట్టనివాడును, ఒకే కథకు పదవ భాగమునకై కనిపెట్టుకొనియుండువాడును గాండాల్ఫు రాకకు ముందటి బిల్బోలే. వారి గూడు మాత్రము పుస్తకములతో కట్టబడినది.

అయినచో విద్యార్థులు చేయదగిన క్రొత్త పనులెవ్వి? ఇవి మహాకార్యములు కానక్కరలేదు. హాస్టలు భోజనశాలలో ఇంతవరకు పలుకరింపని తోడివిద్యార్థి ప్రక్కన కూర్చుండి అతని ఊరి సంగతులు వినవచ్చును. బాలుడు అన్నము వండుటయు, చొక్కాకు గుండీ కుట్టుకొనుటయు నేర్వవచ్చును. బాలిక సైకిలు త్రొక్కుట నేర్వవచ్చును. ఇంగ్లీషులోనే చదువుకొన్నవాడు తెలుగు కథ యొకటి ఇంటివారికి గట్టిగా చదివి వినిపింపవచ్చును. తెలుగులో చదివినవాడు తప్పులకు జంకక నాలుగు ఇంగ్లీషు మాటలు పలుకవచ్చును. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కొలది దినముల శ్రమతో ఆ అక్షరములను పోల్చుకొని చదువ నారంభింపవచ్చును. పాఠము తెలియనప్పుడు లేచి నిలువబడి తెలియలేదనుట వీనియన్నింటిలో మిక్కిలి కష్టమైనది, మిక్కిలి లాభకరమైనదియు.

క్రొత్తదనమనగా దుడుకుతనమని ఎవ్వరును భ్రమపడరాదు. బిల్బో సైతము ఒడంబడికను, పటమును, తోడును కలిగియే దూరపర్వతమునకు పోయెను. ఈతరాని బాలుడు ఒంటరిగా చెరువులో దిగుట సాహసము కాదు, అవివేకము. తనకును ఇతరులకును హాని కలిగింపనిది, చెడినచో మరల సరిదిద్దుకొనదగినది, ఒక వారమున మొదలుపెట్టదగినది ఏదైనను మంచి ప్రయత్నమే. చేసిన పిమ్మట అది నచ్చకపోవచ్చును. క్రొత్త కూర రుచింపకపోవచ్చును. సైకిలుపైనుండి పడి మోకాలు గీచుకొనిపోవచ్చును. దానివలన పరువు పోయెనని తలంపరాదు. నచ్చలేదని తెలియుటయు ఒక తెలివియే.

ఇక పెద్దలకు మనవి. మీరు బీరువా తాళము తీయుడు. రాత్రియెల్ల మేల్కొని చదివి పాఠములు పాడుచేసికొను పిల్లలున్న మాట నిజము. వారికి వేళ నియమింపుడు, పుస్తకము లాగుకొనకుడు. ఎన్ని పుటలు చదివితివని అడుగుటకు మారుగా, చదివిన పిమ్మట ఏమి చేయవలెనని తోచినదో అడుగుడు. ముఖ్యముగా, పిల్లవాడు వండిన అన్నము మాడినప్పుడును, బాలిక పలికిన ఇంగ్లీషు వంకరపోయినప్పుడును నవ్వకుడు. నలుగురు నవ్వుదురను భయమును గూర్చి మేమింతవరకు వ్రాసితిమి. ఆ నలుగురు ఎక్కడినుండియో రారు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, తోడివిద్యార్థులు, ఇరుగుపొరుగువారు, వీరే ఆ నలుగురు. వారిలో మనమును ఒకరము. పిల్లలకు ధైర్యము చెప్పుటకంటె మన నవ్వును మనము బిగబట్టుకొనుట వేయిరెట్లు సులభము.

పాఠశాల పుస్తకశాలలకు మేమొక చిన్న సూచన చేయుచున్నాము. పుస్తకము తీసికొనువారి పేరును, తీసికొన్న తేదీని, తిరిగి యిచ్చిన తేదీని వ్రాయుటకు పద్దుపుస్తకమున గడులు గలవు. వాని సరసన మరియొక గడి గీయవలెను. పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు విద్యార్థి తన ఇష్టము కొలది, ఆ పుస్తకము చదివిన దినములలో తాను తొలిసారి చేసిన పని యేదో అందు ఒక్క పంక్తి వ్రాయవచ్చును. బలవంత మేమియు లేదు, మార్కులును లేవు. కొందరి గడి ఖాళీగానే యుండును. దానికి వగవ నక్కరలేదు. ఖాళీపుటనుండియే ఒక మంచి కథ మొదలైనదని పైన చెప్పియుంటిమి.