కోర్టు ధిక్కారపు తీర్పు – అప్పీలు గడువు



పడుగులో పోగు తెగితే రేపు అతుకుదాములే అని ఏ నేతగాడూ మగ్గం నడపడు. నడిపితే గుడ్డ చెడుతుందని మనలో పసివానికి సైతం తెలుసు. కాని కోర్టు కాగితం ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఆ జాగ్రత్త మనకు ఉండుట లేదు.

నేనెరిగిన ఒక సంఘంలో జరిగిన సంగతి మనవి చేస్తాను. పేర్లు అనవసరం. నూలు బాకీని వాయిదాల మీద తీరుస్తామని ఆ సంఘాధ్యక్షులు హైకోర్టుకు హామీ వ్రాసి ఇచ్చినారు. తరువాత వాయిదాలు తప్పినవి. కోర్టుకు ఇచ్చిన హామీని కావాలని తప్పుట ధిక్కారమే. విచారించిన జడ్జీగారు జరిమానా వేసినారు. ఇంగ్లీషులో ఉన్న ఆ తీర్పు నకలును గుమాస్తా చిట్టా పుస్తకంలో పెట్టినాడు. పండుగ వెళ్లిన తరువాత చూద్దామన్నారు పెద్దలు. వకీలు వద్దకు పోయేసరికి నలభై రోజులు దాటినవి. సరుకు అమ్ముడుపోక డబ్బు కట్టలేకపోయినామే గాని కావాలని తప్పలేదని చెప్పుకోవడానికి వారికి ఆధారాలున్నవి. లేనిది గడువు.

ఈ అప్పీలు హక్కు మనకు ఊరకే రాలేదు. 1952 నాటి ధిక్కార చట్టంలో అప్పీలు ఊసే లేదు. సుప్రీంకోర్టుకు పోవలెనంటే హైకోర్టు యోగ్యతా పత్రమో, సుప్రీంకోర్టు ప్రత్యేకానుమతియో ఉండవలసినదే. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌గారికి 1968లో కేరళ హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా విధిస్తే, ఆయన యోగ్యతా పత్రం పొందియే పై కోర్టుకు వెళ్లినారు. 1970లో సుప్రీంకోర్టు నేరాన్ని ఖాయపరచి, జరిమానాను 50 రూపాయలకు తగ్గించినది.

1971 చట్టంలోని 19వ సెక్షను ఈ అనుమతి బాధను తీర్చినది. హైకోర్టులో ఒక్క జడ్జీ శిక్ష వేస్తే 30 రోజులలో ఇద్దరు జడ్జీల బెంచికి అప్పీలు చేయవచ్చును. బెంచియే శిక్ష వేస్తే 60 రోజులలో సుప్రీంకోర్టుకు పోవచ్చును. లెక్క తీర్పు తేదీ నుండియే గాని, కాగితం మన చేతికి అందిన నాటి నుండి కాదు. నకలు కోసం దరఖాస్తు పెట్టిన తరువాత అది తయారగుటకు పట్టిన దినాలను మాత్రం మినహాయిస్తారు. కాబట్టి దరఖాస్తు వెంటనే పెట్టవలెను. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. ఆపమని వేరుగా కోరుకోవలెను. ఆరు మాసాల వరకు జైలు వేయగల చట్టమిది.

మనమే ఫిర్యాదీలమైనప్పుడు దారి ఇంకా ఇరుకు. ఒక అధికారి హైకోర్టు ఉత్తర్వును అమలు చేయలేదని మనం ధిక్కార పిటిషను వేసినామనుకోండి. ధిక్కారం లేదని కోర్టు దానిని కొట్టివేస్తే మనకు 19వ సెక్షను క్రింద అప్పీలు లేదు. 1988లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసినది. ఇక మిగిలినది 136వ అధికరణం క్రింద ప్రత్యేకానుమతి కోరుటయే. దానికి గడువు సాధారణంగా 90 రోజులు. శిక్షపడినవానికి హక్కు, నష్టపోయినవానికి ప్రార్థన! ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. పార్లమెంటు ఈ లోపం సవరించవలెనని మన సంఘాలు తీర్మానాలు చేసి పంపవలెను.

గడువు దాటితే పొడిగించరా అని కొందరు అడుగుతారు. తగిన కారణం చూపితే లిమిటేషను చట్టం 5వ సెక్షను క్రింద పొడిగించవచ్చును. జాప్యాన్ని మరీ పిడివాదంగా తూచరాదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పినది. కాని అది కోర్టువారి విచక్షణ, మన హక్కు కాదు. జబ్బు చేస్తే వైద్యుని పత్రం, వరద వస్తే దాని రుజువు చూపవలెను. ఏ తేదీన ఏమి జరిగినదో అఫిడవిట్టులో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. లేని జబ్బు కల్పిస్తే అసలు కేసుకే ముప్పు. "పండుగ" అన్నది కారణం కాదు.

మనం పరాయి రాష్ట్రాలలో స్థిరపడినవారము. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, హైకోర్టులో ఇంగ్లీషు. యానాం వారి హైకోర్టు మద్రాసులో, బరంపురం వారిది కటకంలో ఉన్నది. ఈ దూరమూ ఈ భాషా మనకు తెలియనివి కావు. తెలిసిన కష్టానికి ముందే ఏర్పాటు చేసుకొనవలెను.

ప్రతి సంఘమూ ఒక కోర్టు పుస్తకం పెట్టవలెను. తీర్పు తేదీ, నకలుకు దరఖాస్తు పెట్టిన తేదీ, గడువు ముగిసే తేదీ అందులో ఎక్కించవలెను. చదువుకున్న మన బిడ్డలలో ఒకరు తీర్పును వారం లోపల కమిటీకి తెలుగులో చదివి చెప్పవలెను. దీనికి అయ్యే ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము.

గడువు పెంచమని చేతులు జోడించుట కంటె గడువులో నిలబడుట మనకు గౌరవం. తెగిన పోగును ఆనాడే అతుకుదాము.