ఓవెన్ వేడెక్కడం లేదా? ముందు బ్రెడ్డు ముక్కని అడగండి

నిజం చెప్పండి, మీలో ఎంతమంది ఓవెన్‌లో మూకుళ్ళూ పెనాలూ దాచుకుంటున్నారు? క్రెయిగీబర్న్ వచ్చిన కొత్తలో రెండేళ్ళు నాదీ అదే పని. పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక గానీ, గోడలో బిగించిన ఆ పెట్టె బీరువా కాదని నాకు జ్ఞానోదయం కాలేదు. పుట్టినరోజులకి ఎగ్‌లెస్ కేకు, చలికాలం సాయంత్రాలు కాల్చిన చిలగడదుంపలు అంటూ అలవాటయ్యింది. అలవాటయ్యాక, సరిగ్గా పాప పుట్టినరోజు ముందు రోజు రాత్రి మొండికేసింది.

లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, నాబు 180 మీద ఉంది. అరగంట తర్వాత చూస్తే కేకు పిండి పోసింది పోసినట్టే ఉంది. మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నారు. ఇంట్లో ఉన్నది బాపట్ల నుంచి మూడు నెలలకి వచ్చిన అత్తయ్య, మామయ్యగారు. మామయ్యగారు కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఇంకా తలుపు మూయలేదు, ఆయన గరాజ్‌లోంచి స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చేశారు.

“నాలుగు స్క్రూలే కదమ్మా, ఇప్పుడే చూసేస్తాను.”

నాకు గుండె జారింది. ఇది మిక్సీ కాదు, ప్లగ్గు పీకి పక్కన పెట్టుకోవడానికి. మా ఓవెన్ వైరు నేరుగా గోడలోకే వెళ్తుంది. పైగా విక్టోరియాలో లైసెన్సు లేనివాళ్ళు ఇలాంటి కరెంటు పని చేయకూడదు, సొంత ఇల్లయినా సరే. కానీ బతుకంతా స్తంభాలెక్కిన మనిషితో “మీరు ముట్టుకోకండి” అని కోడలు ఎలా అంటుంది?

చివరికి ఇలా అడిగాను: “మామయ్యగారూ, మీరు ఎల్సీ లేకుండా ఎప్పుడైనా స్తంభం ఎక్కారా?”

ఎల్సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో సప్లై ఆపి, ఇక పని చేసుకోవచ్చని ఇచ్చే అనుమతి. ఆయన కాసేపు మాట్లాడలేదు. “నేనెక్కలేదు. మావాడొకడు ఎక్కాడు. మళ్ళీ దిగలేదు” అని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశారు. నేను కాగితం, పెన్ను తెచ్చాను. “తెరవకుండానే జబ్బేంటో కనిపెడదాం. మీరు చెప్పండి, నేను రాస్తాను” అన్నాను. ఆ రాత్రి మేము చూసినవి వరసగా చెప్తాను, దాచుకోండి.

మొదట గడియారం. కరెంటు పోయి వచ్చాక టైము సెట్ చేయకపోతే చాలా ఓవెన్లు వేడెక్కవు. అక్టోబర్‌లో, ఏప్రిల్‌లో డేలైట్ సేవింగ్ కోసం టైము మారుస్తూ తెలియకుండా ‘ఆటో’ నొక్కేసినా అంతే, టైమర్ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది. మాన్యువల్‌కి మార్చాలి. కొన్నింట్లో చెయ్యి బొమ్మ ఉంటుంది.

రెండోది మెయిన్ బోర్డు. ఓవెన్ బ్రేకర్ పడిపోయి ఉంటే ఒక్కసారి పైకి లేపండి. మళ్ళీ పడిందంటే లేపడం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అమెరికాలో ఉన్న అక్కచెల్లెళ్ళకి ఇంకో మాట. మీ ఓవెన్‌కి సాధారణంగా రెండు 120 వోల్టుల లైన్లు కలిసి 240 వస్తుంది. ఒక లైను పోయినా గడియారం, లైటు మామూలుగానే ఉండొచ్చు గానీ వేడి రాదు.

మూడోది నాబు. డీఫ్రాస్ట్ గుర్తు మీద ఉంటే ఫ్యాను తిరుగుతుంది, వేడి రాదు. తుడిచేటప్పుడు తిరిగిపోతుంటుంది.

మాకు ఈ మూడూ బాగానే ఉన్నాయి. అప్పుడు నాలుగోది, బ్రెడ్డు పరీక్ష. చాలా ఓవెన్లలో వేడి పుట్టించే ఎలిమెంట్లు మూడు ఉంటాయి: పైన గ్రిల్లు, అడుగున ఒకటి, వెనక రేకు చాటున ఫ్యాను చుట్టూ రింగులా ఇంకొకటి. ఒక్కో మోడ్‌లో ఒక్కో కొత్త బ్రెడ్డు ముక్క పదేసి నిమిషాలు పెట్టాం, మధ్యలో చల్లారనిచ్చి. గ్రిల్లులో పైభాగం ఎర్రగా కాలింది. అడుగు వేడిలో కింద రంగు మారింది. ఫ్యాన్ మోడ్‌లో పెట్టిన ముక్క తెల్లగా, మెత్తగా అలాగే ఉంది. మామయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “రింగు పోయిందమ్మా” అన్నారు. మూడు ముక్కలూ తెల్లగానే ఉండి ఉంటే థర్మోస్టాట్‌నో, వేడి మితిమీరితే ఆపేసే కటౌట్‌నో, సప్లైనో అనుమానించేవాళ్ళం.

బ్రేకర్ దించేసి పడుకోబోతుంటే అత్తయ్య కుక్కర్ తీశారు. అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, గ్యాసు మీద సన్నటి సెగన కేకు చేశారు. పాపకి తేడా తెలియలేదు.

సోమవారం ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి “ఓవెన్ పని చేయట్లేదు” అని ఊరుకోలేదు. తలుపు అంచున ఉన్న ప్లేటు మీది మోడల్ నంబరు చదివి, “గ్రిల్లు, కింది ఎలిమెంటు వేడెక్కుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, ఫ్యాన్ మోడ్‌లో మాత్రం వేడి లేదు, బ్రేకర్ పడట్లేదు” అన్నాను. దాంతో ఆయన పార్టు వెంట తెచ్చుకున్నారు, రెండోసారి రావడానికి చార్జీ తప్పింది. పార్టు కన్నా రాకపోకల ఖర్చే ఎక్కువని బిల్లు చూశాక తెలిసింది.

ఆయన ముందు బ్రేకర్ దించి, మీటరు పెట్టి కరెంటు లేదని రూఢి చేసుకున్నాకే చెయ్యి పెట్టారు. మామయ్యగారు నా వైపు చూసి తల ఊపారు. ఎలిమెంటు అంటే లోహపు గొట్టం లోపల నైక్రోమ్ తీగ, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. తీగ తెగితే దారి తెగినట్టే, మీటరు అంకె చూపించదు. మాది అలాగే చూపించలేదు. కొత్తది 2200 వాట్లది. బీఎస్సీ ల్యాబులో చేసిన లెక్కే: 230ని 230తో హెచ్చవేసి 2200తో భాగిస్తే ఓమ్‌లు వస్తాయి. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపే మామయ్యగారు “ఇరవై నాలుగు” అన్నారు. మీటరు కూడా ఇంచుమించు అదే చూపించింది.

అద్దెకుంటున్న వాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి. విక్టోరియాలో ఇంటితో పాటు ఇచ్చిన వంట పరికరం చెడిపోవడం అర్జెంట్ రిపేరు కిందకి వస్తుంది. ఇంటివాళ్ళు వెంటనే స్పందించాలి. మీరు ప్రయత్నించినా పట్టించుకోకపోతే 2,500 డాలర్ల దాకా మీరే చేయించుకుని ఆ డబ్బు అడగొచ్చు. మెసేజులూ బిల్లులూ దాచండి. సొంత ఓవెన్ అయితే, కంపెనీ వారంటీ అయిపోయినంత మాత్రాన ఆశ వదులుకోకండి. మరీ తొందరగా పాడైతే ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం, కొన్న షాపునే అడిగే హక్కు ఉండొచ్చు.

మామయ్యగారు పోయిన వారం బాపట్ల వెళ్ళిపోయారు. ఆ రాత్రి కాగితాన్ని ప్యాంట్రీ తలుపుకి లోపలివైపు అంటించి వెళ్ళారు. నా చేతిరాత కింద ఆయన రాసింది ఒక్క ముక్క: “ముందు ఎల్సీ.”