శాతం కొలుస్తున్నారు, బతుకును ఎవరు కొలుస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. మరుసటి ఏడాదే పునఃపరిశీలన మొదలైంది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉంటే పింఛను ఉంటుంది, అంతకు తగ్గితే పోతుంది.

మేధో వైకల్యం ఉన్నవారికి ఈ శాతం ఎలా వస్తుంది? ఐక్యూ పరీక్షతో పాటు వైన్‌లాండ్ సామాజిక పరిణతి స్కేలు వాడుతూ వచ్చారు. సొంతంగా తింటారా, బట్టలు వేసుకుంటారా, ఒంటరిగా బయటికి వెళ్లొస్తారా, డబ్బు వాడగలరా అని అడుగుతారు. జవాబు చెప్పేది సాధారణంగా తల్లే.

దళితవాడలో ఒక ఆడపిల్లను ఊహించండి. అమ్మ కూలికి పోతే తమ్ముణ్ని ఎత్తుకుంటుంది, నీళ్లు మోస్తుంది, మేకల్ని తోలుతుంది. ఆ చాకిరీ స్కేలు మీద సామర్థ్యంగా లెక్కకొచ్చి శాతాన్ని తగ్గించవచ్చు. అదే పిల్ల ఊళ్లోకి ఒంటరిగా పోదు. ఆపుతున్నది వైకల్యమా, కులమా, ఆడపిల్లకేమవుతుందోనన్న భయమా? స్కేలు ఈ తేడా చెప్పదు.

జీవన నాణ్యతను కొలిచే పద్ధతి వేరే ఉంది. షాలాక్, వెర్దుగో అనే పరిశోధకులు ఎనిమిది అంశాలు ప్రతిపాదించారు: మానసిక క్షేమం, మానవ సంబంధాలు, ఆర్థిక స్థితి, వ్యక్తిగత ఎదుగుదల, ఆరోగ్యం, స్వయం నిర్ణయం, సమాజంలో చోటు, హక్కులు. ఇందులో ఆ మనిషి మాటకే మొదటి విలువ. అయితే సంతృప్తిని మాత్రమే అడిగితే మోసపోతాం. ఏనాడూ ఏదీ దక్కనివారు కూడా ‘బాగానే ఉన్నా’ అంటారు. బడి, వైద్యం, కూలి డబ్బు, స్నేహితులు నిజంగా ఉన్నాయో లేదో కూడా పక్కనే చూడాలి.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. మేధో వైకల్యం ఉన్నవారు దాదాపు 15 లక్షలు. 2027 జనగణనలో అందరి కులమూ నమోదు కానుంది. కులం, వైకల్యం రకం, చదువు, పని కలిపిన పట్టికలు ప్రచురించకపోతే ఆ లెక్క మనకు సగమే ఉపయోగపడుతుంది.

మేం కోరేవి మూడు. ఆ పట్టికలు జిల్లాలవారీగా బయటపెట్టాలి. సదరం క్యాంపుల్లో బొమ్మలతో, తేలిక మాటలతో ఆ మనిషినే అడగాలి. ఇంటి చాకిరీని చూపి పింఛను కోయకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమానత్వాన్ని, గౌరవంగా బతికే హక్కును ఇచ్చింది. ప్రభుత్వం కొలవాల్సింది ఆ హక్కు ఇంటిదాకా చేరిందా లేదా అన్నదే.