ఒకే తేదీ – రెండు జ్ఞాపకాలు

హాస్టల్ విద్యార్థులకు తేదీలు కొత్త కావు. ఏప్రిల్ 5 బాబూ జగ్జీవన్‌రాం జయంతి, 11 ఫూలే జయంతి, 14 అంబేద్కర్ జయంతి. పటానికి పూలదండ వేస్తాం, ఉపన్యాసం వింటాం. సెప్టెంబరు 28ని కూడా ఆ వరుసలో చేర్చాలని, అయితే వేరే విధంగా జరపాలని మా అభిప్రాయం.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో గుర్రం జాషువా జన్మించారు. ఆయనకు సరిగ్గా పదమూడేళ్ళు నిండిన రోజున, అంటే 1908 సెప్టెంబరు 28న, హైదరాబాదులో మూసీ పొంగింది. కుండపోత వానకు ఎగువ చెరువులు అనేకం తెగి నీరు నగరం మీద పడింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు.

కవి పుట్టుకకూ వరదకూ సంబంధమేమిటని కొందరు మిత్రులు అడిగారు. నిజమే, తేదీ కలవడం యాదృచ్ఛికమే. కానీ రెండూ మన ముందు ఒకే ప్రశ్న పెడతాయి. "గబ్బిలం" (1941) కావ్యంలో గుడిలోకి రానివ్వని పేదవాడు తన గోడును కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురు చేస్తాడు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు, మనిషికి ఉంది! అలాగే నీటికి కులం తెలియదు. కానీ పల్లపు నేలలో గుడిసె వేసుకోక తప్పనిది ఎవరికి? మూసీ ఒడ్డున ఎవరుంటారు?

ఈ ప్రశ్న మనకు దూరంది కాదు. మూసీ ఉప్పల్ భగాయత్ పక్క నుంచే పోతుంది. ఉప్పల్ నల్లచెరువు, నాచారం చెరువు మన కళ్ళ ముందే ఉన్నాయి. 2020 అక్టోబరు 13 వానకు తూర్పు హైదరాబాదులో ఎన్నో కాలనీలు మునిగాయి. చెరువు, నాలా ఆక్రమిస్తే ఏమవుతుందో 1908లోనే కాదు, మన కాలంలోనూ చూశాం.

కావున సెప్టెంబరు 28న జాషువా పటానికి దండ వేసి, ఆయన పద్యాలు చదివి, ఆ సాయంత్రం నాచారం చెరువు దాకా నడిచి వద్దామని మా మనవి. చెత్త ఎక్కడ పోస్తున్నారో, కాలువ ఎక్కడ మూసుకుపోయిందో రాసుకుని మున్సిపల్ అధికారులకు అర్జీ ఇద్దాం. పద్యం కంఠస్థం చేయడం సులభం. అది అడిగిన ప్రశ్నను మన బస్తీలో అడగడమే ఆ కవికి అసలైన నివాళి.